పిన్ను లేని గాలి

మా ఆయన హైదరాబాద్ పోయినప్పుడల్లా ఫుట్‌పాత్ మీద ఏదో ఒకటి కొనుక్కొచ్చేవాడు. వాటిల్లో పనికొచ్చింది ఒక్కటే, కరెంటు గాలిపంపు. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. రెండు వైర్లు, వాటి చివర ఎర్రదొకటి నల్లదొకటి క్లిప్పులు. మోటార్‌సైకిల్ పక్క మూత విప్పి, ఆ క్లిప్పులు బ్యాటరీకి తగిలించి మీట నొక్కితే తుమ్మెదల దండు లేచినట్టు మోత. సైకిల్ చక్రం నిండేదాకా పక్కనున్న మనిషి మాట వినపడదు. మా ఆయన మాట వినపడని ఆ కాసేపు నాకు సుఖంగానే ఉండేది.

తెలంగాణ కోసం సమ్మె మొదలై బస్సులు డిపోల్లో పడుకున్నాక గానీ దాని విలువ నాకు తెలియలేదు. నేనప్పుడు మరిపెడ దవాఖానలో నర్సును. ఊళ్లూ తండాలూ తిరిగి పిల్లలకు సూదులేయడం నా పని. ఆయన బడిపంతులు. బడికి తాళం వేసి సమ్మె డేరాలో కూర్చున్నాడు. సూదుల పని ఆపకూడదన్నారు కాబట్టి నేను మూలనపడ్డ నా లేడీస్ సైకిల్‌ను దులిపి బయటికి తీశాను. రోజూ పొద్దున ఆయనే గాలి నింపేవాడు. పంపు మీది ముల్లు చూసి సరిపోయిందనేవాడు. ఆ ముల్లు మీద నాకు నమ్మకం లేదు, బొటనవేలితో చక్రం నొక్కి చూసుకునేదాన్ని. వాడకట్టు వాళ్లు కూడా సైకిళ్లు తెచ్చేవారు. "ఇగ మన గాలి మనమే నింపుకోవాలె" అని ఒక్కొక్కరికీ ఉపన్యాసం ఇచ్చి పంపేవాడు.

బుధవారం సూదుల రోజు. ఆ బుధవారం నేను ఏడు కిలోమీటర్ల అవతలున్న తండాకు పోవాలి. అక్కడ ఒక ఇంట్లో మూడు నెలల పిల్ల ఉంది, ఇంకా ఒక్క సూదీ పడలేదు. అంతకుముందు పెద్ద పిల్లకు నేను సూదేస్తే రెండు రోజులు జ్వరం కాసింది. అప్పట్నుంచి ఆ ఇంటి అత్త నన్ను వాకిట్లోకి రానివ్వలేదు. మూడుసార్లు పోయి బతిమాలాను. చివరికి ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"పత్తి ఏరనీకి పోకముందే రావాలె. ఎండెక్కినంక వస్తే నా కోడలు ఉండది. మల్ల మా దిక్కు రాకు."

బుధవారమే బంద్ వచ్చి పడింది. నేనేమీ భయపడలేదు. బంద్ రోజు కార్లకూ మోటార్‌సైకిళ్లకూ గాలి తీసేవారు గానీ సైకిళ్ల జోలికి వచ్చేవారు కాదు. దవాఖాన ముందు సైకిల్ ఆపి, లోపలికి పోయి, మందు సీసాలున్న ఐసు డబ్బా భుజానికి తగిలించుకుని వచ్చేసరికి నా రెండు చక్రాలూ నేలకు అంటుకుపోయి ఉన్నాయి. వరుసలో ఉన్న మిగతా సైకిళ్లదీ అదే గతి. సమ్మె వాళ్ల ఊరేగింపు అప్పుడే మలుపు తిరిగింది.

దవాఖాన ఊడ్చే అక్క చీపురు పట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. "మీ సారే తీసిండమ్మా. సైకిల్‌కు మాత్రం చక్రాలు లేవా అన్నడు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పరుగున పోయి, జెండా పట్టుకుని నడుస్తున్న ఆయన్ని రెక్క పట్టి వెనక్కి లాగాను.

"నా సైకిల్ గుర్తుపట్టలేదా?"

"జూడలే" అన్నాడు. ముఖం వాడిపోయింది. "జర ఆగు. పంపు తెస్త, రెండే నిమిషాలు."

ఇంటికి పోయి మోటార్‌సైకిల్ తెచ్చాడు. స్టార్ట్ చేస్తే బంద్ తప్పినట్టవుతుందని తోసుకుంటూ తెచ్చాడు! క్లిప్పులు తగిలించి మీట నొక్కాడు. మోత వచ్చింది గానీ చక్రం లేవలేదు. ఆయన పంపును అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.

"ఖరాబైందా ఏంది?"

"ఖరాబైంది పంపు కాదు, నీ తలకాయ. పిన్నేది?"

సైకిల్ వాల్వులో అర వేలంత పిన్ను ఉంటుంది, దానికో సన్నని రబ్బరు తొడుగు. లోపలికి పోయిన గాలిని బయటికి రాకుండా ఆపేది అదే. గాలి మొత్తం తీయాలంటే దాన్ని పీకేస్తే చాలు. ఆయన పీకేశాడు.

"మోరీల ఏసిన" అన్నాడు మెల్లగా, రోడ్డు పక్క మురికికాలువ వైపు చూస్తూ.

"రెండూనా?"

"అందరియి."

కొత్తవి కొందామంటే సైకిల్ షాపు మూసి ఉంది. పొద్దున్నే పోయి మూయించింది కూడా ఆయనే.

ఇక ఆయన సమ్మె డేరా వెనక్కి పోయాడు. అక్కడ సమ్మె వాళ్ల సైకిళ్లు నిండు గాలితో నిలబడి ఉన్నాయి. అందరూ చూస్తుండగా మోకాళ్ల మీద కూర్చుని ఒక సైకిల్ రెండు పిన్నులూ ఊడదీశాడు. డేరాలోంచి ఎవరో కేకేశారు.

"సారూ, మనోళ్ల గాలి గూడ తీస్తున్నవేంది?"

ఆయన తల ఎత్తకుండా వచ్చి ఆ పిన్నులు నా సైకిల్‌కు బిగించాడు. ఇంకో రోజైతే జాలిపడేదాన్ని.

ముందు చక్రం నిండింది. వెనక చక్రం సగానికి వచ్చేసరికి బ్యాటరీ నీరసించి మోత సన్నబడిపోయింది. ఎండ అప్పటికే ఎక్కింది. ఉన్న గాలితోనే బయల్దేరాను. రోడ్డు మీద పురుగు లేదు. సగం గాలి చక్రంతో ఏడు కిలోమీటర్లు తొక్కడమంటే ఎవరినో వెనక ఎక్కించుకుని తొక్కినట్టే. దారంతా ఆయన్ని తిడుతూనే తొక్కాను.

తండాలో ఇళ్లన్నీ తలుపులేసి ఉన్నాయి. అత్త ఒక్కతే గడపలో కూర్చుని ఉంది.

"గిప్పుడా వచ్చుడు?"

"కోడలేది అవ్వా?"

"పత్తికి పోయింది. బండ్లు బంద్, నర్సమ్మ రాదని అందరన్నరు. నేనే పొమ్మన్న." నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎందుకు గింత ఆల్షమైంది?"

నా మొగుడే గాలి తీశాడని చెప్పడానికి నోరు రాలేదు. "పంచరైంది" అన్నాను. ఆ ఇంట్లో నేను ఆడిన అబద్ధం అదొక్కటే, ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. ఐసు డబ్బా మళ్లీ భుజానికి ఎత్తుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"యాడికి పోతున్నవ్?" అంది. లేచి లోపలికి పోయి, పాత చీరలో చుట్టిన పిల్లను ఎత్తుకొచ్చింది.

"కోడల్ని పొమ్మన్న. పిల్లను పోనియ్యలే."

మళ్లీ గడపలో కూర్చుని, కాళ్లు చాపి, పిల్లను వాటి మీద పడుకోబెట్టి, చిన్న తొడను తన చేత్తోనే గట్టిగా పట్టుకుంది. నేను సూది తీశాను. తొక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు, రొప్పుతూనే ఉన్నాను. ఆమె అది చూసింది.

"జర దమ్ము తీస్కో బిడ్డా. నేనేడికి పోను."