మగ్గం మీద ఏముండె

లా మూడో ఏడాది ఎండాకాలం సెలవుల్లో నాకు ఖాట్మండులో ఇంటర్న్‌షిప్ దొరికింది. మానవ హక్కుల కేసులు చూసే చిన్న ఆఫీసు. మా ఊళ్లో, కొత్తవాడలోని మా వాకిట్లోకి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "పాస్‌పోర్ట్ లేకుండ పోయేది ఏం ఫారినే పిల్లా?" నాకు ఒళ్లు మండేది. లోకాన్ని ఉద్ధరించడానికి పోతున్నట్టు నల్లకోటు కూడా సర్దుకున్నాను. ఆ కోటు నెలన్నర పాటు బ్యాగులోంచి బయటికి రాలేదు.

ఆఫీసంటే ఒక దర్జీ దుకాణం మీద రెండు గదులు. నడిపేది అరవై దాటిన లాయరమ్మ. అందరూ దీదీ అనేవారు. ఎవరు వచ్చినా ముందు టీ తాగించేది, పెన్ను కింద పెట్టి మొత్తం వినేది, ఆ తర్వాతే రాసేది. అంత ఓపికగా వినే మనిషిని నేను అంతవరకు చూడలేదు. నేనేమో మనిషి కుర్చీలో కూర్చోకముందే ఫారం తెరిచేదాన్ని.

అలా నా ముందు కూర్చుంది తివాచీలు నేసే ఒకామె. ఏళ్ల తరబడి ఉన్ని దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఫ్యాక్టరీలో పనిచేసినట్టు తేలితే వైద్యం యజమానే చేయించాలి. అతనేమో ఈమె ఎవరో నాకు తెలియదు పొమ్మన్నాడు. ఆమె దగ్గర కాగితం ముక్క లేదు. లేబర్ ఆఫీసులో విచారణకు వారమే ఉంది. ఎప్పుడు చేరారు, ఏ నెలలో మానేశారు అని హిందీలో అడిగాను. ఆమె దగ్గుతూ తల అడ్డంగా ఊపింది. గళ్లన్నిట్లో 'తెలియదు' అని రాసి, ఇక ఈ కేసు నిలవదని దీదీకి చెప్పేశాను.

"అడగడం మనకు రాలేదేమో" అంది దీదీ, కోపం లేకుండా. నాకు తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం నాయినకు ఫోన్ చేశాను. నలభై ఏళ్లుగా జంపఖానాలు నేస్తున్న మనిషి. మగ్గం ఆపకుండానే విన్నాడు.

"ఎప్పుడు జేరినవంటె చెప్తలేదు నాయినా. ఒక్క తారీఖు గూడ యాదికి లేదట."

"తారీఖులెందుకు అడిగినవ్ బిడ్డా? మగ్గం మీద ఏముండెనో అడగాలె గని. నువ్వు పుట్టిన తారీఖు నేను మీ అమ్మనడగాలె. పచ్చంచు జంపఖానా సగమైంది అప్పటికి. గా జంపఖానా మాత్రం మంచిగ యాదున్నది."

మా ఇంట్లో పెళ్లిళ్లు, జ్వరాలు, నా పరీక్షలు అన్నీ మగ్గం మీది రంగులతోనే గుర్తు. ఆ ఇంట్లో పుట్టిన నాకే ఆ ప్రశ్న తట్టలేదు. సిగ్గేసింది.

మర్నాడు ఆమెను మళ్లీ పిలిచి, చేరినప్పుడు మగ్గం మీద ఏముందని అడిగాను. ఆమె నిటారుగా కూర్చుంది. నీలం తామరల తివాచీతో మొదలుపెట్టి వరసగా చెప్పుకుపోయింది: ఏది ఎన్ని నెలలు పట్టింది, పక్కన ఎవరు కూర్చున్నారు, ఏ రంగు ఉన్ని మధ్యలో అయిపోయింది. కూతురు పుట్టింది ఎర్ర నెమళ్లు సగంలో ఉండగా. నేను పెన్ను కింద పెట్టి విన్నాను.

విచారణ రోజు దీదీ, ఫ్యాక్టరీ ఆర్డర్ల పుస్తకం తెప్పించమని లేబర్ అధికారిని అడిగింది. అధికారి పేజీలు తిప్పుతుంటే ఆమె అటు చూడకుండానే చెబుతోంది. నీలం తామరలు, తర్వాత తెల్ల మేఘాలు, తర్వాత ఎర్ర నెమళ్లు. వరస ఒక్కచోట కూడా తప్పలేదు. ఉన్ని అయిపోయి ఆగిపోయిన ఆర్డరు కూడా పుస్తకంలో ఉంది. ఆమె అక్కడి కార్మికురాలేనని అధికారి రాశారు. నాలుగు రోజులకే యజమాని ఖర్చుతో ఆమెను ఆస్పత్రిలో చేర్చారు.

నేను బయల్దేరేలోపు దీదీ ఆఫీసు ఫారం మార్పించింది. తివాచీ పనివాళ్ల ఫారంలో మొదటి ప్రశ్న ఇప్పుడు నాయినది. ఇంటికొచ్చి ఆయనకు దాన్ని గర్వంగా చదివి వినిపించాను. ఆయన తెగిన పోగు అతుకుతూ విన్నాడు.

"గది సరేగని బిడ్డా, ఆమెకు దగ్గు జర తగ్గిందా?"