బడిని అడగాల్సిన ఒక్క ప్రశ్న

ప్రమోషన్ ఆర్డరు చేతికొచ్చిన రోజు ఎర్రమంజిల్‌లోని మా ఆఫీసులో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. పంచడం అయ్యాక రికార్డు గదిలోకి పోయి, ఫైళ్ల బీరువా వెనక నిలబడి ఏడ్చాను. పదకొండేళ్లు జూనియర్ అసిస్టెంటుగా ఉన్నదాన్ని సీనియర్‌ని చేశారు, అది సంతోషమే. కానీ పోస్టింగు ఇచ్చింది హైదరాబాదుకు నాలుగు గంటల దూరంలో, నేను ఎన్నడూ పేరు వినని ఒక మండల కేంద్రంలో. వద్దని రాసిస్తే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. మా ఆయన మైత్రీవనంలో కంప్యూటర్ కోర్సులు చెబుతాడు, ఆయన ఉద్యోగం కదలదు. వారమంతా నేనూ మా తొమ్మిదేళ్ల అమ్మాయీ అక్కడ, శనివారానికి ఆయన వచ్చిపోవాలి.

ఏడ్చింది దూరం గురించి కాదు. మా అమ్మాయికి ఫిట్స్ వస్తాయి. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. మా ఇంట్లో దాన్ని ‘అది’ అనేవాళ్లం. ‘అది’ వచ్చిందా, ‘అది’ రాలేదు కదా, ‘అది’ గోలీ వేశావా. దొంగ పేరు ఎత్తితే ఇంట్లోకి వచ్చేస్తాడన్నట్టు ఉండేది మా వరస.

మొదటిసారి వచ్చినప్పుడు పిల్లకు ఆరేళ్లు. అమీర్‌పేటలో మేం అద్దెకున్న ఇంట్లో, పొద్దున బడికి జడ వేస్తుంటే నా చేతుల్లోనే బిగుసుకుపోయింది. నా అరుపు విని కింది వాటాలోని ఓనరమ్మ తాళాల గుత్తితో పరుగెత్తుకొచ్చింది. ఆమెది గుంటూరు వైపు. “ఇనుము పట్టించండి, ఇనుము పట్టించండి” అంటూ ఆ గుత్తిని పిల్ల పిడికిట్లో కుక్కింది. తర్వాత పంజాగుట్టలో చూపించిన డాక్టరు, తాళాలతో పనేమీ లేదమ్మా అన్నాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకురండి. ఇంతే. ఈ నాలుగు ముక్కలు నేను నిద్రలో కూడా అప్పజెప్పగలను. నా భయమల్లా, నేను లేనిచోట ఇవి ఎవరికి తెలుసు అన్నదే.

మొదట్లో దాచలేదు. అప్పుడు చదువుతున్న బడిలో ఉన్నదున్నట్టు చెప్పాం. మర్నాటి నుంచి పిల్లను చివరి బెంచీలో ఒంటరిగా కూర్చోబెట్టారు. ఏమైనా జరిగితే బడికి సంబంధం లేదని మాతో కాగితం రాయించుకున్నారు. ఒకరోజు అది ఇంటికొచ్చి, “మమ్మీ, నన్ను ఎర్రగడ్డకు పంపుతరా?” అని అడిగింది. పిచ్చాసుపత్రి ఉన్నది అక్కడేనని తోటి పిల్లలు అన్నారట. ఆ నెలే టీసీ తీసుకున్నాం. మా అమ్మ అయితే ఇంకా ముందుకు పోయింది. ఆడపిల్ల విషయం బయటపడితే రేపు సంబంధాలు రావని దిగులు పడింది. పాల పళ్లు ఊడని పిల్లకు పెళ్లి బెంగ. నవ్వాను గానీ, ఆ మాట నాలో ఎక్కడో ఊడకుండా కూర్చుంది. కొత్త బడి దరఖాస్తులో ఆరోగ్య సమస్యలు అన్నచోట ‘ఏమీ లేవు’ అని నా చేత్తోనే రాశాను. గోలీ గురించి ఎవరైనా అడిగితే బలం గోలీ అని చెప్పమన్నాను. ఎవరికీ తెలియకూడదని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఆర్డరు వచ్చేనాటికి ఏడు నెలలుగా పిల్లకు ఏమీ రాలేదు. రెండేళ్లు ఇలాగే గడిస్తే గోలీలు తగ్గించొచ్చని డాక్టరు అన్నాడు. నేను రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను. ఆ ఏడు నెలల ధైర్యంతోనే, పంజాగుట్ట డాక్టరును వదిలి అంత దూరం పోవచ్చునా అన్న ఆలోచనైనా చేశాను.

ఆ మండల కేంద్రంలో ప్రైవేటు బడి ఒకటుంది, కానీ హైవే మీద వ్యానులో పోవాలి. నడిచే వ్యానులో పిల్ల బిగుసుకుపోతే చూసేదెవరు? కాబట్టి సర్కారు బడే. నడిచిపోయేంత దూరంలో రెండు ప్రాథమిక పాఠశాలలు ఉన్నాయన్నారు. గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోక, చూడాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. మెట్లు ఉన్నాయా, బావి ఉందా, రోడ్డు ఎంత దగ్గర, నేల బండలా మట్టా, ఆస్పత్రికి ఎంత సేపు. మా ఆయన ఆ కాగితం చూసి, “నువ్వు బడి చూడవోతున్నవా, పొలం కొనవోతున్నవా? చదువు ఎట్ల చెప్తరో ఒక్క ముక్క రాయలే గదా” అన్నాడు. నిజమే, రాయలేదు. అసలు ప్రశ్న కూడా రాయలేదు. పిల్ల పడిపోతే ఏం చేస్తారు అని అడగాలి. అడిగితే ఎందుకు అడుగుతున్నావంటారు. అక్కడి మండల విద్యాశాఖ ఆఫీసుకు రెండుసార్లు ఫోన్ చేసి, రెండుసార్లూ ఆ ప్రశ్న అడగకుండానే పెట్టేశాను.

ఒకరోజు సెలవు పెట్టి తెల్లారే బస్సెక్కాను. పిల్లను బడికి పంపే పని మా ఆయనకు అప్పజెప్పాను. చేతిలో ఆఫీసు ఫైలు, భుజాన బ్యాగు, కాటన్ చీర, మెడలో ఐడీ కార్డు. ఆ వేషం ఎంత పని చేస్తుందో ఇంట్లో బయల్దేరేటప్పుడు నాకు తట్టనే లేదు.

ఊరి నడుమ ఉన్న మొదటి బడి గేటులో కాలు పెట్టానో లేదో, వరండాలో ఉన్న ఒక టీచరు లోపలికి పరుగెత్తింది. నిమిషంలో ఐదు తరగతులూ చప్పుడు మానేశాయి. పిల్లలంతా లేచి “గుడ్ మార్నింగ్ మేడం” అని పాడారు. హెడ్మాస్టరు కుర్చీ తుడిచి వేశాడు. నన్ను తనిఖీకి వచ్చిన అధికారి అనుకున్నారు. కాదని చెప్పాను. ఆయన నమ్మలేదు, నా ఫైలు వైపు చూసి నవ్వాడు. ముందు చెప్పకుండా వచ్చేవాళ్లంతా అలాగే అంటారని ఆయన అనుభవం కావచ్చు. మధ్యాహ్న భోజనం పప్పు రుచి చూపించారు, అప్పుడే కడిగిన మరుగుదొడ్లు చూపించారు. గోడలు కొత్తగా ఉన్నాయి, తరగతి గదుల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నా కాగితం మీద అన్నిటికీ టిక్కులు పడుతున్నాయి. ఇంత మర్యాద జరుగుతుంటే ధైర్యం చేసి, పిల్లలెవరికైనా ఫిట్స్ లాంటివి వస్తే ఏం చేస్తారని అడిగేశాను.

ఆయన మొఖంలో రంగు మారింది. “అసొంటి పిల్లలు మా బడిల లేరు మేడం. అందరు మంచిగనే ఉన్నరు. రికార్డు చూస్కోన్రి” అన్నాడు.

రిజిస్టరు నా ముందుకు జరిపాడు కూడా. నేను దాన్ని తెరవలేదు. లేరు అని రాసి ఉంటుంది. నాలాంటి తల్లి ఒకతి రాయించి ఉంటుంది, లేదా ఆయనే రాసుకుని ఉంటాడు. ఎవరు రాసినా, పిల్ల పడిపోయిన రోజు ఆ బడిలో ఎవరికీ ఏమీ తెలియదు. బయటికొచ్చి రెండో బడికి దారి అడిగాను.

రెండో బడి ఊరి చివర. అక్కడ నన్ను చూసి ఎవరూ లేవలేదు. రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఒకరు సెలవు. ప్రహరీ గోడ సగం లేదు. వాన నీటి మరకలు పైకప్పు నుంచి నేల దాకా ఉన్నాయి. ఐదు తరగతుల పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టుకుని, దాదాపు నా వయసే ఉన్న టీచరమ్మ లెక్కలు చెబుతోంది. ఒక పాపను పక్కకు పిలిచి తెలుగు పాఠం చదవమన్నాను. నాలుగో తరగతట, కూడబలుక్కుంటూ రెండు వాక్యాలు చదివేసరికి అలసిపోయింది. మా అమ్మాయి ఈ పిల్లల మధ్య ఏం నేర్చుకుంటుందనిపించింది. ఇక పోదామనుకుని, పోతూ పోతూ ఆ ప్రశ్న అడిగాను.

“ఒక పిల్ల ఉన్నది మేడం. గామె, మూడో తరగతి. దాచేదేమున్నది” అంది టీచరమ్మ. అని, పిల్లల వైపు తిరిగి, మొన్న ఈమెకు వచ్చినప్పుడు ఏం చేశారో మేడంకు చూపించమంది.

మూడో తరగతి పిల్ల అందరికంటే ముందు లేచింది. నేనే పడుకుంట అని నవ్వుతూ నేల మీద పక్కకు వాలింది. ఇద్దరు చుట్టూ ఉన్న పలకలు, బ్యాగులు లాగేశారు. ఒక పాప తన చున్నీ మడిచి ఆమె తల కింద పెట్టింది. ఇంకో పాప గోడ గడియారం కింద నిలబడి, “ఐదు దాటితే టీచర్ ఫోన్ చేస్తది” అని నాతో చెప్పింది. పడుకున్న పిల్ల నవ్వు ఆపుకోలేక మధ్యలోనే లేచి కూర్చుంది. ఎవరూ భయపడలేదు. అంత్యాక్షరి ఆడినంత మామూలుగా ఆడి, మళ్లీ లెక్కల్లో పడ్డారు.

గోడకు ఒక మేకుకి పాత తాళాల గుత్తి వేలాడుతోంది. అవెందుకని అడిగాను. “వాళ్ల నాయనమ్మ కోసం మేడం. చేతుల తాళాలు పెట్టిన్రా అని అడుగుతది. తక్కిన పనంత చేసినంక అవి సుత పెడ్తం. ముసలామె రంది తీరుతది” అంది టీచరమ్మ.

మూడేళ్లుగా నేను వెతుకుతున్నది ఆ కారే గదిలో ఉంది. అప్పుడే టీచరమ్మ నా మొఖంలోకి చూసి, “మీ పాపకు గిట్ల ఏమన్న ఉన్నదా మేడం?” అని నెమ్మదిగా అడిగింది.

“లేదు లేదు. ఊకెనే అడిగిన” అన్నాను.

ఎందుకలా అన్నానో నాకిప్పటికీ తెలియదు. ఆ మాట నా నోటికి అంత అలవాటైపోయింది. తిరుగు బస్సులో నాలుగు గంటలూ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ఒకసారి ఫోన్ చేసి చెబుదామనుకుంటాను. మళ్లీ ఏడు నెలలుగా రాలేదు కదా, ఇక రాదేమో, చెప్పి కొత్త ఊళ్లో ముద్ర వేయించుకోవడం ఎందుకనుకుంటాను. అమీర్‌పేటలో దిగేసరికి సాయంత్రం అయింది. కోర్సుల కరపత్రాలు చేతిలో పెట్టబోయిన వాళ్లను తోసుకుంటూ ఇంటికి చేరాను.

మా ఆయనకు అన్నం వడ్డిస్తూ రెండు బళ్ల సంగతీ చెప్పాను. పిల్ల పక్కనే హోంవర్క్ చేసుకుంటోంది. నేల మీద పడుకుని చూపించిన పిల్ల గురించి చెబుతుంటే పెన్సిల్ ఆపి వింది.

“అందరి ముంగటనే పడుకున్నదా మమ్మీ?” అంది.

అవునన్నాను.

“వాళ్ల మమ్మీకి కోపం రాలేదా?”

ఎందుకు వస్తుందని అడిగాను. అది నన్ను కొంచెం జాలిగా చూసింది. నేను చెప్పిన పాఠం నేనే మరిచిపోయినట్టు.

“నేనైతే ఎవ్వరికీ కనిపియ్య. ముందుగాల కడుపుల ఎట్లనో అయితది కదా, అప్పుడే టీచర్‌ని అడిగి బాత్రూంకు పోత. గడియ పెట్టుకొని కింద కూసుంట. అయిపోయినంక మొఖం కడుక్కొని వస్త.”

మా ఆయన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఎన్నిసార్లు అని అడిగాను. అది మూడు వేళ్లు చూపించింది. ఆ మధ్య మోచేయి కమిలితే ఖోఖోలో పడ్డానని చెప్పింది, నేను నమ్మి పసుపు రాశాను. సిమెంటు నేల మీద, లోపల గడియ వేసి ఉన్న తలుపు వెనక, మూడుసార్లు. బయట పిల్లలు నీళ్ల కోసం వరసలో నిలబడి ఉంటారు. ఐదు నిమిషాలు దాటినా చూసే గడియారం లేదు, తలుపు తీసే దిక్కు లేదు. ఏడు నెలలుగా నేను సంతోషంగా లెక్కపెట్టుకుంటున్న రోజులు ఇవి.

“ఒక్కరికి సుత తెల్వలే మమ్మీ” అంది. మెచ్చుకుంటానేమోనని నా మొఖం వంక చూస్తోంది.

మర్నాడు ఆఫీసుకు పోలేదు. బదిలీకి ఇంకా మూడు వారాలున్నాయి. ఆ మూడు వారాలూ పిల్ల పోవాల్సింది ఇక్కడి బడికే. ప్రార్థన గంట కొట్టకముందే దాని చేయి పట్టుకుని క్లాసు టీచరు దగ్గరికి పోయాను. కూర్చోమన్నా కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ మాట తిరిగిపోతుందేమోనని భయం.

“మా పాపకు ఫిట్స్ వస్తయి టీచర్” అన్నాను.

పక్కన పిల్ల నా చీర కొంగు పట్టి లాగింది. ఇంకోసారి లాగింది. నేను వంగేసరికి నా చెవి దగ్గర నోరు పెట్టి, “చెప్పొద్దు మమ్మీ” అంది.