గోడకెక్కిన రికార్డులు

హన్మకొండలో పాత రాక్ రికార్డుల మీద రాసేవాడు కరీముద్దీన్ ఒక్కడే. ఆదివారం పేపర్లో ఆయన సమీక్షలు చదివేవాళ్లకు ఒక సంగతి తెలుసు. రికార్డును మెత్తటి గుడ్డతో తుడిచి, రెండు వైపులా పూర్తిగా వినకుండా ఆయన ఒక్క వాక్యం రాయడు. గీత పడి సూది ఎక్కడ ఎగురుతుందో కూడా రాస్తాడు. దెబ్బలు దాచి పొగడటం పెళ్లిచూపుల్లో చేసే పని అంటాడు.

పాతికేళ్లుగా ఆయన పక్కన కూర్చుని విన్న దోస్తు రాంప్రసాద్. నయీంనగర్‌లో కేఫ్ పెడుతూ, "వచ్చినోళ్లకు వినిపిస్త భాయ్, జర కొన్ని రికార్డులియ్యి" అన్నాడు. ఎవరికీ అరువివ్వని కరీముద్దీన్ తనకు ప్రాణమైనవే ఏరి ఇచ్చాడు.

కేఫ్ తెరిచిన రోజు వెళ్లి చూస్తే రికార్డులన్నీ గోడ మీద ఉన్నాయి. నడుమ రంధ్రం పెద్దది చేసి, ముళ్లు బిగించి, గడియారాలుగా మార్చేశాడు రాంప్రసాద్. ఒక్కోదాని కింద ఆయన సమీక్ష కత్తిరించి అంటించాడు. రికార్డు ప్లేయర్ ఎక్కడా లేదు.

"పాటలు ఫోన్లనే ఉన్నయ్ కద" అని రాంప్రసాద్ నవ్వాడు. "అందరు నీ రాతలు చదువుతాండ్లు భాయ్. మా కేఫ్ మీద గూడ ఒకటి రాయరాదు."

కరీముద్దీన్ ఒక గడియారం దింపాడు. మూడో పాట దగ్గరి గీత వేలికి తగిలింది. ఆ గీత దగ్గర సూదిని ఎత్తి దాటించేది ఎప్పుడూ రాంప్రసాదే. గడియారాన్ని అతని ముందు, కౌంటర్ మీద పెట్టాడు.

"రాస్త. వినకుంట రాయనని నీకెరుకే. ముందుగాల దీన్ని వినిపియ్యి."