పలక మీద మూడో గీత

పెద్దనాయన పోయాడని ఆయన కోడలు గోడ మీంచి పిలిచి చెప్పినప్పుడు నేనింకా దుప్పట్లోనే ఉన్నాను. ఆ సమయానికి చన్నీళ్లలో ఉండాల్సిన మనిషిని. ఈ సంగతి ఒప్పుకోకుండా ఆయన గురించి రాయలేను.

ఆయన మా పక్కింటి మనిషి. చుట్టరికం లేదు, పిలుపు మాత్రమే. వయసులో ఉన్నప్పుడు మార్కాపురం పలకల గనుల్లో పనిచేశాడు. ఆయన దిగిన గని తర్వాత మూతపడి, వాననీళ్లు నిండి, నాలుగు నిలువుల లోతు గుంటయింది. చలికాలమంతా తెల్లారగానే ఆయన అందులో ఈదేవాడు. నడుంనొప్పికి ఈత మంచిదని డాక్టరు చెబితే, రెండేళ్ల కిందట నేనూ ఆయన వెంట పడ్డాను. చిన్నప్పుడు బావిలో నేర్చిన ఈత, అదృష్టం కొద్దీ కాళ్లూ చేతులూ మరిచిపోలేదు.

మొదటి రోజు మోకాళ్ల దాకా దిగి కేకలు పెట్టాను.

"అరిస్తే నీళ్లు వెచ్చబడవమ్మా, దిగు," అన్నాడు.

దిగాను. ఒళ్లంతా సూదులు గుచ్చినట్టయింది. బయటికొచ్చాక పళ్లు టకటకలాడుతున్నా నవ్వు ఆగలేదు. ఆయన ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చి, "ఇంగ రేపు రాకుండా ఉండలేవు," అన్నాడు. నిజంగానే ఉండలేకపోయాను.

దిగేముందు ఆయనకొక పద్ధతి ఉండేది. గట్టు మీద ఒక పలక ముక్క, బలపం పెట్టుకునేవాడు. తనకో గీత గీసి, నాకో గీత గీయించేవాడు. అది గనిలోని పాత పద్ధతి. కిందికి దిగే ప్రతివాడూ గీత గీయాలి, పైకొచ్చాక తుడవాలి. ఒక్క గీత మిగిలున్నా మేస్త్రి బండ పగలగొట్టే తూటాలు పేల్చడు. ఒకరోజు నేను అరచేత్తో పలకంతా తుడవబోతే గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క వేలితో తుడువు! నీదొక్కటే!"

అంత కోపం ఆయనలో ఎప్పుడూ చూడలేదు. అప్పుడు గమనించాను, పలక మీద మూడో గీత ఒకటుంది. అదెవరిదని అడిగాను. చేతిలోని టీ గట్టు మీద పెట్టాడు.

"నా జతగాడిది. ఇద్దరం పైకొస్తాండాం. 'నువ్వు పద అన్నా, ఎనకే వస్తాండా' అన్నాడు. నేను పైకొచ్చి ఇద్దరి గీతలూ ఒక్కసారే తుడిచేసినా. వాడు మర్చిపోయిన క్యారేజీ కోసం మళ్లా కిందికి పోయినాడంట. పలక చూసి మేస్త్రి ముట్టించినాడు." బలపం చేతిలోకి తీసుకున్నాడు. "ఆ పొద్దు తుడిచినా గదా. అందుకే రోజూ గీస్తాండా."

ఆ గీతను ఆయన తుడిచేవాడు కాదు. రాత్రి మంచుకు అదే చెరిగిపోయేది, మర్నాడు మళ్లీ గీసేవాడు. మరి ఎండాకాలం ఎందుకు రావని ఒకసారి అడిగాను.

"ఎండాకాలం పిల్లోళ్లంతా వచ్చి దూకుతారు. చలికాలంలో వాని దగ్గరికి ఎవరొస్తారమ్మా?"

అది తెలిశాక ఆ నీళ్లు నాకు వేరుగా కనిపించసాగాయి. నడిమధ్యకు పోయి ఆయన వెల్లకిలా తేలేవాడు, చెవులు మునిగేట్టు. ఏదో వింటున్నట్టుండేవాడు. నేను భయపడి త్వరత్వరగా గట్టుకు వచ్చేసేదాన్ని.

ఈ మార్గశిరంలో ఆయనకు ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేర్చారు. చూడ్డానికి వెళ్తే, ముక్కుకున్న గొట్టం పక్కకు జరిపి, "గీత గీస్తాండావా?" అని అడిగాడు. నేను పది రోజులుగా వెళ్లలేదు. ఒక్కదాన్నే ఆ గుంటలో దిగాలంటే భయం.

"గీస్తన్నా పెద్దనాయనా," అన్నాను.

ఆయన హాయిగా కళ్లు మూసుకున్నాడు. ఆ హాయి చూసినందుకు నాకిప్పటికీ సిగ్గుగా ఉంది. మూడో రోజుకు ఆయన పోయాడు.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే వెళ్లాను. గట్టు మీద పలక బోర్లా పడి ఉంది. తిప్పి చూస్తే నల్లగా, ఖాళీగా ఉంది. జతగాడి గీత గీశాను. నా గీత గీశాను. పెద్దనాయనది గీయాలా వద్దా అని బలపం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చివరికి గీశాను.

నీళ్లు ఎప్పటికన్నా చల్లగా ఉన్నాయి. గుంట నడిమధ్యకు వచ్చేసరికి నా వెనక ఎవరో మెల్లగా నీళ్లు తోస్తున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు. ఆ రోజు త్వరపడి గట్టుకు రాలేదు కూడా.

బయటికొచ్చి పలక ముందు కూర్చున్నాను. ఒక్క వేలితో నా గీత తుడిచాను, పక్క రెండింటికీ తడి తగలకుండా.