తవిటయ్య లెక్కపెట్టిన కృత్తికలు

కార్తీక సోమవారం ఉపవాసం ఉండి ఎవరూ దూరప్రయాణం పెట్టుకోరు. నేను పెట్టుకోవడానికి కారణం ఒక పట్టికలోని ముప్పై నాలుగు వరుసలు. విశాఖపట్నంలో నక్షత్రాలు చూసేవాళ్ళ సంఘం ఒకటి ఉంది. అక్కడ నేను పట్టిక నడుపుతాను. చదివింది పదో తరగతి, నేర్చింది టైపు. నా భర్త పోయిన తర్వాత, తొంభై ఎనిమిదిలో ఆ పనిలో చేరాను. ఒకేసారి పుట్టి, కొంతకాలం కలిసి తిరిగి, తర్వాత మెల్లగా ఎవరి దారిన వాళ్ళు విడిపోయే నక్షత్రాల గుంపులు ఆకాశంలో చాలా ఉన్నాయి. వాటిని గుచ్ఛాలంటారు. మన కృత్తికలు, పుష్యమి అలాంటివే. ఒక్కో గుచ్ఛాన్ని ఎవరు చూశారు, ఎన్ని చుక్కలు లెక్కపెట్టారు, ఆ లెక్క అటూ ఇటూ ఎంత తప్పవచ్చు అన్నవి గడుల్లో ఎక్కించి సరిచూడటం నా పని. గదిలో నేనూ కంప్యూటరూ తప్ప ఎవరూ ఉండరు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి తవిటయ్య గారని ఒకాయన కార్డులు రాసేవారు. గుచ్ఛం పేరు, తేదీ, లెక్క, చివర ఎప్పుడూ ఒకే మాట: "ఇక్కడ ఆకాశం శుభ్రంగా ఉంది." ఆ సంఘానికి నా పేరు మీద వచ్చే ఉత్తరాలు అవి మాత్రమే. ఆయన లెక్కలు మాత్రం అందరికంటే బాగా తక్కువ. కృత్తికల్లో మామూలు దుర్భిణితో యాభైకి అటూ ఇటూ చుక్కలు కనిపిస్తాయని మిగతావాళ్ళు రాస్తే, ఆయన 12-3 అని రాశారు. పన్నెండు లెక్క గడిలోనూ, మూడు తప్పు గడిలోనూ ఎక్కించి, దయచేసి మరొకసారి శ్రద్ధగా చూడమని జవాబు రాశాను. అలా నాలుగుసార్లు రాశాను. రెండేళ్ళుగా ఆయన దగ్గర నుంచి కార్డు లేదు. ఇప్పుడు పట్టికను ఇంటర్నెట్‌లో పెడుతున్నారు. "నమ్మకం లేని వరుసలు ఉంచకూడదమ్మా. ఆయన అసలు పుస్తకం చూపిస్తే సరే, లేకపోతే నెలాఖరుకి ఆయనవి ముప్పై నాలుగూ తీసెయ్యండి" అన్నారు మా సంఘం పెద్దాయన. ఒక మనిషి ఏళ్ళ తరబడి మెడ ఎత్తి చూసినదాన్ని నా చేత్తో చెరపడానికి మనసొప్పలేదు. పున్నమి వెళ్ళి వారం దాటాక వచ్చిన సోమవారం సెలవు పెట్టాను.

తెల్లవారుజామున పలాస పాసింజర్ ఎక్కాను. టికెట్టు ముప్పై రూపాయలు కూడా కాలేదు. విజయనగరం దాటాక కిటికీ పక్క చోటు దొరికింది. కోతకొచ్చిన వరిచేలు చూస్తూ శివనామం చెప్పుకుంటూ కూర్చున్నాను. నౌపడా దగ్గర ఉప్పు మడులు తెల్లగా మెరిశాయి. టెక్కలి, భావనపాడు వెళ్ళేవాళ్ళు అక్కడ దిగిపోయారు. పెట్టె దాదాపు ఖాళీ అయింది. పలాసలో దిగేసరికి పది దాటింది. స్టేషను బయట హోటల్లో మంచినీళ్ళు అడిగితే, పెనం దగ్గరున్న ఆవిడ పైనుంచి కిందికి చూసింది.

"ఏటమ్మా, వొట్టి నీళ్ళేనా? అట్టు ఏత్తాను కూకో."

"ఉపవాసమమ్మా. చుక్కలు చూసేదాకా తినను."

"చుక్కలా? పొయ్యి కాడ నిలబడితే నాకు పగలే కనబడతన్నాయి" అని నవ్వి, నా సీసా నింపి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు.

వజ్రపుకొత్తూరు వైపు వెళ్ళే బస్సు పదకొండుకి దొరికింది. జీడిపప్పు పరిశ్రమల పొగవాసన ఊరు దాటేదాకా వెంట వచ్చింది. తర్వాత రెండు వైపులా జీడితోటలు, కొబ్బరితోటలు. నీడలోనే దారి సాగుతుంది. తవిటయ్య గారి ఇల్లు తెలుసా అని కండక్టరుని అడిగాను.

"ఏ తవిటయ్య? మా ఊళ్ళోనే నలుగురున్నారు."

"రాత్రిపూట చుక్కలు చూసే ఆయన."

కండక్టరు టికెట్ల పుస్తకం మూసేశాడు. "ఓలమ్మా, చుక్కల తవిటయ్యా! ఆ మావ పోయి రెండేళ్ళవతంది. కిడ్నీలు. ఇటేపు అందరికీ అదే కదా. ఆల ఇల్లు సూపిత్తాను, దిగు."

దిగిన తర్వాత కాసేపు రోడ్డు పక్కనే నిలబడిపోయాను. తిరుగు బస్సు ఎక్కేద్దామా అనిపించింది. ఉన్నారనుకుని రెండేళ్ళు ఎదురుచూసిన ఉత్తరం ఇక రాదని తెలిసినప్పుడు, నాకంటూ ఏడవడానికి ఏ వరసా లేదు.

తవిటయ్య గారి భార్య పేరు దాలమ్మ. నా వయసే ఉంటుంది. వాకిట్లో కొబ్బరి మట్టలు చీలుస్తోంది. విశాఖపట్నం నుంచి వచ్చానంటూ నా పేరు చెప్పగానే కత్తి పక్కన పెట్టింది.

"ఉత్తరాలమ్మవా? రా, కూకో. నాకు పెళ్ళైన కాడినించీ ఒక్క ఉత్తరం రాయనేదు మా మావ. నీకేమో కార్డు మీద కార్డు."

నవ్వుతూనే అంది. నేనే తల దించుకున్నాను. లోపలి నుంచి ఒక రేకు పెట్టె తెచ్చింది. అందులో ఆయన నోటు పుస్తకం, భావనపాడులో ఒక పడవ యజమాని దగ్గర కొన్న పాత దుర్భిణి, తాడుతో కట్టిన నా ఉత్తరాలు, ఒక కళ్ళజోడు ఉన్నాయి.

"నీ ఉత్తరం వొచ్చినప్పుడల్లా మళ్ళీ సూసీవోడు. మళ్ళీ అదే లెక్క వొచ్చీది. ఆకర్న నా కళ్ళు పోనాయే దాలీ, పట్నంవోల్లకి కనబడినవి నాకు కనబళ్ళేదు అనీసి, పలాసెళ్ళి అద్దాలు సేయించుకున్నాడు. అయ్యెట్టుకున్నా అంతే. ఇంక ఒగ్గీసినాడు."

నోటు పుస్తకం తెరిచాను. కార్డుల్లో ఉన్నవే ఉన్నాయి. 12-3, 16-1, 9-0. ఆయన ఊహించి రాయలేదని తెలిసింది గానీ, లెక్క ఎందుకు తగ్గిందో తెలియలేదు. తవిటయ్య గారు కొబ్బరికాయలు లెక్కపెట్టే పని చేసేవారని, ఇప్పుడు ఆ పని తానే చేస్తున్నానని దాలమ్మ చెప్పింది. మూడు గంటలప్పుడు కాయల బండి వచ్చింది. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి ఆమె రాశి దగ్గరకి వెళ్ళింది. ఒక్కో చేత్తో రెండేసి కాయలు తీసి, నాలుగూ ఒకేసారి అవతలికి విసురుతూ పైకి పాడినట్టు లెక్కపెట్టింది. విసురు విసురుకీ ఒక అంకె. చివర రెండు కాయలు మిగిలాయి. బొగ్గు ముక్కతో గోడ మీద 21-2 అని గీసింది.

అరుగు దిగి గోడ దగ్గరకి వెళ్ళాను. "దాలమ్మా, అదేంటి?"

"ఇరవయ్యొక్క పుంజీ, పైన రెండు. పుంజీ అంటే నాలుగు. తెల్దేటి నీకు?"

తెలుసు. మా అమ్మమ్మ పిడకలు అలాగే లెక్కపెట్టేది. చుక్కల్ని కూడా అలా లెక్కపెడతారని నాకెప్పుడూ తట్టలేదు. పన్నెండు పుంజీలు, పైన మూడు. యాభై ఒకటి. పుస్తకమంతా తిప్పి చూశాను. గీతకి కుడివైపు అంకె ఎక్కడా మూడు దాటలేదు. ఏళ్ళపాటు ఆ అంకెల్ని టైపు చేసింది నేను. ఒక్కసారి కూడా గమనించలేదు. ఈ అంకె ఏమిటని ఒక్క ఉత్తరంలో అడిగి ఉంటే సరిపోయేది. అడగకుండా, శ్రద్ధగా చూడమని రాశాను.

ఇదంతా దాలమ్మకి చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. బండివాడు పిలిచినా ఆమె వెళ్ళలేదు. పెట్టెలోంచి కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టింది.

"అయితే మా మావ కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అంది. పెట్టె మూత వేసి, "సచ్చిపోయేదాకా పోనాయనే అనుకున్నాడు" అంది.

తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఐదు గంటలకి పలాస వెళ్ళే చివరి బస్సు దాటిపోయింది. "ఉపాసం మనిసివి, ఎక్కడికెల్తావు?" అని దాలమ్మే ఆపేసింది. చీకటి పడుతుండగా తులసి దగ్గర దీపం పెట్టి, పెరటి వెనక ఇసుకదిబ్బ మీదికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక వెదురు గుంజ పాతి ఉంది. దుర్భిణి ఆనించడానికి తవిటయ్య గారు పాతుకున్నది. సముద్రం కనిపించలేదు, హోరు మాత్రం వినిపించింది. తూర్పున సరుగుడు చెట్ల పైన కృత్తికలు వచ్చాయి. ఆ ఊళ్ళో వాటిని పిల్లలకోడి అంటారు. ఎనిమిదేళ్ళుగా వాటి లెక్కలు టైపు చేస్తున్న నేను, దుర్భిణిలోంచి చూడటం అదే మొదలు.

"లెక్కెట్టు" అంది దాలమ్మ.

నాలుగేసి చొప్పున లెక్కపెట్టాను. కళ్ళు చెమర్చి రెండుసార్లు మొదటికొచ్చాను. "పన్నెండు పుంజీలు, రెండు."

"ఒకటి తగ్గింది. మా మావకి కనబడింది నీకు కనబళ్ళేదు" అని, ఆ చీకట్లో మొదటిసారి గట్టిగా నవ్వింది. "ఎల్లీటప్పుడు పలాసలో దిగి కళ్ళు సూపించుకో. రా, అన్నం తిందుగాని."

దాలమ్మ ఇచ్చిన నోటు పుస్తకం తీసుకుని మర్నాడు మొదటి బస్సుకే బయలుదేరాను. ఆ వారంలో ముప్పై నాలుగు వరుసలూ దిద్దాను. ఒక్కటీ తీసెయ్యాల్సిన అవసరం రాలేదు. మా పెద్దాయన పుస్తకం చూసి, "ఇంత మంచి కళ్ళున్న మనిషి మనకి ఇంకొకరు లేరమ్మా" అన్నారు. ఆ మాట దాలమ్మకి కార్డు రాశాను, ఎవరిచేతైనా చదివించుకోమని. కృత్తికల దగ్గర ఆయన వరుస కింద ఇంకొక వరుస చేర్చాను. యాభై, చూసినవారి గడిలో నా పేరు. ఆ పట్టికలో నేను చూసిన గుచ్ఛం అదొక్కటే. సాయంత్రం గది తాళం వేసే ముందు ఒకసారి ఆ రెండు వరుసలూ చూసుకుంటాను. ఆయన లెక్క నా లెక్క కంటే ఒకటి ఎక్కువ. దాన్ని అలాగే ఉంచాను.

ఉద్దానం వైపు వెళ్ళేవారికి ఒక మాట. తోటల దగ్గర కొబ్బరికాయలు కొంటే, వాళ్ళు చెప్పే లెక్క కాయల్లోనా పుంజీల్లోనా అని ముందే అడగండి. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.