హెడ్‌లో అక్క పేరు

కంఠేశ్వర్‌లో మందుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు మాది. రెండు వేల దశకం చివరి రోజులవి. బోధన్ వైపు ఉన్న ఒక చక్కెర ఫ్యాక్టరీకి, చెరకు రైతుల చీటీలు అచ్చువేసే ప్రోగ్రాం రాసేవాళ్లం. రాసేది ఇద్దరమే. నేనూ, నాకంటే ముందు నుంచి అక్కడున్న అక్కా. సొంత అక్క కాదు. బోధన్‌లో తల్లితో ఉండేది, రోజూ బస్సులో వచ్చేది. నాకు పని నేర్పింది ఆమే. తప్పు చేస్తే కోప్పడేది కాదు, కుర్చీ దగ్గరకు లాక్కుని పక్కన కూర్చునేది.

రాసినదంతా, ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే వర్షన్ కంట్రోల్‌లో దాచేవాళ్లం. ఎవరి మార్పులు వాళ్ల బ్రాంచీలో. అక్క బ్రాంచీకి అక్క పేరు, నా దానికి నా పేరు. ఇవి కాక ‘హెడ్’ అని ఇంకొకటి ఉంటుంది. అందులో ప్రోగ్రాం ఏమీ ఉండదు. ఫలానా బ్రాంచీని చూడు అని ఒక్క వాక్యం ఉంటుంది, అంతే. కొత్తగా ఎవరు కాపీ తీసుకున్నా హెడ్ చూపించిన బ్రాంచీయే చేతికొస్తుంది. మా సర్వర్‌లో హెడ్ అక్క పేరునే చూపించేది.

ఆ వానాకాలం అక్కకు జ్వరం తగ్గలేదు. రక్తపరీక్షలో బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. తల్లి ఆమెను హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్క రాసినదంతా నా బ్రాంచీలో కలుపుకుని నేను పని నడిపించాను. హెడ్ మార్చమని మా ఆఫీసు నడిపే సార్ ఒకసారి అడిగారు. అక్క వచ్చాక చూద్దాం అన్నాను. ఆయనా ఊరుకున్నారు.

ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ మొదలయ్యే వారం, బోధన్ తీసుకుపోదామని పొద్దున్నే కొత్త కాపీ తీశాను. ఫోల్డర్ ఖాళీగా వచ్చింది. హెడ్ చూపించే బ్రాంచీ లేదని తెర మీద ఒక హెచ్చరిక.

సార్ నా వెనక నిలబడి ఉన్నారు. “ఆమె బ్రాంచీ నిన్న నేనే తీసేసిన. రెండు బ్రాంచీలు ఎందుకని,” అన్నారు. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. “అంతా పోయిందా?”

నా మెషీన్‌లో అన్నీ ఉన్నాయని తెలుసు. సర్వర్‌ను ఎట్లా సరిచేయాలో తెలియలేదు. అడగడానికి ఇంకెవరూ లేరు. ఆసుపత్రికి ఫోన్ చేశాను. అవ్వ, అంటే అక్క తల్లి, ఎత్తి ఆమెకిచ్చింది.

“బుగులు పడకు చెల్లె,” అంది అక్క. గొంతు సన్నగా, ఎక్కడి నుంచో వచ్చినట్టుంది. “పని ఏడికి పోలే. హెడ్ ఇంకా నా పేరే చూపిస్తున్నది. ఆ పేరు మీద ఇప్పుడు ఏం లేదు, గంతే. సర్వర్‌ల కూసో. నేను చెప్పింది కొట్టు.”

ఒక్కో మాటా చెప్పింది, మధ్యలో ఊపిరి తీసుకుంటూ. చివర హెడ్‌లో బ్రాంచీ పేరు రాయాల్సిన చోట ఆగాను.

“అక్కా, నీ బ్రాంచీ నా మెషీన్ల ఉంది. మళ్ల ఎక్కించి నీ పేరే ఉంచుత.”

“వద్దు. నా పేరు తీసెయ్. నీ పేరు రాయి.”

రాశాను. కాపీ నిండుగా వచ్చింది. ఆ మాట చెబుదామనుకునేలోపే ఫోన్ అవ్వ చేతిలోకి వెళ్లింది. “అలిసిపోయింది బిడ్డా, పండుకోనీ,” అంది.

ఆ మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా అక్క బ్రాంచీని సర్వర్‌లోకి తిరిగి ఎక్కించాను. హెడ్ మాత్రం ముట్టుకోలేదు.

అక్క ఆ నెల దాటలేదు. బోధన్‌లో చర్చి వాళ్ల సమాధుల తోటలో మట్టిచేశారు. అందరూ వెళ్లిపోతుంటే అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

“నువ్వు ఫోన్ చేసిన దినం నేను పక్కనే ఉన్న. నా పేరు తీసెయ్, నీ పేరు రాయి అన్నది. ఆమెకు ఎరుకైందా బిడ్డా? పోతనని ఎరుకయ్యే అన్నదా? నాకైతే ఏం చెప్పలే.”

“కాదు అవ్వా. అది కంప్యూటర్ల ఒక పేరు. పని ఆగొద్దని మార్చమన్నది.”

“కంప్యూటర్ల పేరేనా?”

“అవునవ్వా.”

“మళ్ల, ఫోన్ ఇచ్చినంక గోడ దిక్కు తిరిగి ఎందుకు ఏడ్సింది?”

నాకా సంగతి తెలియదు. అవ్వ నా చెయ్యి వదిలి, కొంగుతో మొహం తుడుచుకుని, బస్సుకు టైమైతుంది పో బిడ్డా, అంది.