ఏన్కూరు చెరువుకు బాతుల కోసం

శివరాత్రి వెళ్ళిన వారం. పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది నా కళ్ళు మండిపోతున్నాయి. ఎండలు ముదరకముందే ఒక్క ఆదివారం పక్షుల్ని చూసి రావాలనిపించింది. ఏన్కూరు దగ్గర అడవి అంచున ఓ చెరువుంది. శనివారం పొద్దున అక్కడి ఆటో యాకూబ్ భాయ్‌కి ఫోన్ చేశాను. “రేపు బాతుల కోసం వస్తున్నా భాయ్. ఓ నాలుగు దొరికినా చాలు.”

“అవ్ మేడం, ఫికర్ చెయ్యకుండ్రి” అన్నాడు.

ఖమ్మంలో తెల్లవారుజామున ఐదింటికి పల్లెవెలుగు బస్సు ఎక్కితే గంటన్నరలోపు ఏన్కూరు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు లేదు. అక్కణ్ణుంచి చెరువు ఆరు కిలోమీటర్లు, ఆటోకి రానూపోనూ మూడు వందల కిరాయి. దారి పొడుగునా మోదుగలు విరగబూశాయి. ఆటోలో నా సీటు వెనక గోనెసంచి కప్పిన గంపలో ఏదో కదులుతుంటే కోళ్ళేమో అనుకున్నా.

చెరువు కట్ట మీద ఆటో ఆపి, గంప దించి సంచి తీశాడు. కాళ్ళకు దారం కట్టిన నాలుగు గోధుమరంగు బాతులు!

“ఏంది భాయ్ ఇది?”

“మీ బాతులే మేడం. నిన్న పొద్దుగూకంగ వల పెట్టిన. సరిగ్గా నాలుగే పడ్డయ్.”

“అయ్యో రామా! నేనన్నది చూడ్డానికి!”

“చూడుండ్రి మరి. మంచి బలంగున్నయ్.”

ఒళ్ళు మండి నోటికొచ్చినట్టు అరిచాను. “దొరికినా చాలన్నది మీరే గద మేడం” అని తల దించుకున్నాడు. నిజమే, మాట జారింది నేనే. పైగా తెలుగు టీచర్ని, సిగ్గుచేటు!

దారాలు కోశాం. మూడు ఈల వేసినట్టు అరుస్తూ ఎగిరిపోయాయి. నాలుగోది కాళ్ళు తిమ్మిరెక్కి ఒడ్డున బురదలో కూలబడింది. కట్ట మీద రెండు కుక్కలు కాచుకొని ఉన్నాయి. ఇది చస్తే ఆ పాపం నా నోటిదే. యాకూబ్ భాయ్ బాతు బెదరనంత దూరంలో, కుక్కలకు అడ్డంగా గొంతుక్కూర్చున్నాడు. సంత కిరాయికి ఫోనొస్తే “ఇయ్యాల రాను, పనున్నది” అని పెట్టేశాడు. గంట గడిచింది. నాకు చూసే ధైర్యం చాలక దుర్భిణి అతని చేతికిచ్చాను.

“మేడం, దీని కంటి చుట్టూ పసుపు గీత ఉన్నది!” గుసగుసగా అన్నాడు. “చిన్నప్పటి సంది తింటున్న. గిది ఎన్నడు సూడలే.”

అంతలో బాతు నీళ్ళలోకి జారింది. కొంచెం దూరం ఈది, రెక్కలు టపటపలాడించి గాల్లోకి లేచింది. “లేసింది మేడం, లేసింది!” అని అతను చప్పట్లు కొట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు నా పుస్తకంలో ఒకే ఒక్క పక్షి పేరు రాసుకున్నాను. అయినా కడుపు నిండినట్టే ఉంది. తిరుగుదారిలో వల సంగతి ఎలా ఎత్తాలా అని నేను తంటాలు పడుతుంటే, “దాన్ని సొరపాదుకు పందిరేస్త మేడం” అని తనే అన్నాడు. మీరు వెళ్తే ఒక్క సలహా: దుర్భిణి ముందు ఆటో నడిపే మనిషికివ్వండి.